హెట్టీ చేపలు

"ఒరేయ్ వెండల్, వెనకాల వస్తున్న ఆఫీసరమ్మకి చెప్పు, జీను పట్టీ వదులైంది. ఇంకో మలుపు తిరిగేసరికి గుర్రం ఒక దారిన, తనొక దారిన పోతారు."

ఆ ఆఫీసరమ్మ, ఈ మాటన్న మా పెద్దమ్మకి కన్నకూతురే. తల్లి గుర్రం తోకకీ, కూతురి గుర్రం ముక్కుకీ మధ్య నా కంచరగాడిదలు రెండూ, వాటి పగ్గాలు పట్టుకుని నేనూ. మామూలుగా మాట్లాడినా వినపడే దూరం. అయినా అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి నోరు తెరిచాను.

"విన్నాను," అంది డార్లా, కిందికి వంగి పట్టీ బిగించుకుంటూ. "థాంక్స్ చెప్పు."

"అక్క థాంక్స్ చెప్పమంది పెద్దమ్మా."

"నాకేమన్నా చెవుడా?" అంది పెద్దమ్మ, ముందుకే చూస్తూ.

ఏప్రిల్ నుంచి ఇదే తంతు. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క, హెట్టీ. ఎనభై దగ్గర పడుతున్నా గుర్రమెక్కితే నడుం వంగదు. ఇంట్లో కుర్చీలోంచి లేవాలంటే మాత్రం ఇద్దరు ముగ్గురు దేవుళ్ళు సాయం రావాలి. డార్లా ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. రాష్ట్ర చేపల శాఖలో ఉద్యోగం. నేను కొండ మీదికి వెళ్ళేవాళ్ళ సామాన్లు కంచరగాడిదల మీద మోసి బతుకుతున్నవాణ్ణి. ఆ ఏడాది వీళ్ళిద్దరి మాటలు కూడా మోశాను. సామాన్లకైతే కూలి వస్తుంది.

మేం వెళ్తున్నది కెటిల్ చెరువుకి. కొండల నడిమధ్య గిన్నెలో పోసినట్టుండే నీళ్ళు. మోంటానాలో అలాంటి చెరువులు లెక్కలేనన్ని ఉన్నాయి కానీ, మా పైన్ ఫోర్క్ లోయవాళ్ళకి చెరువంటే అదొక్కటే. దానికి కారణం మా పెద్దమ్మ.

ఆవిడకీ ఆమోస్ పెదనాన్నకీ కొత్తగా పెళ్ళయిన వేసవి అది. ఆ రోజుల్లో చేపపిల్లల్ని పెంచేచోటికి పాలక్యాన్లు పట్టుకెళ్ళి అడిగితే పిల్లల్ని పోసిచ్చేవాళ్ళు, ఏ నీళ్ళలో వదులుతావని కూడా అడిగేవాళ్ళు కాదు. కెటిల్ చెరువు పాపం ఖాళీగా ఉందని మావాళ్ళందరి నమ్మకం. నిజానికి అందులో ఎర్రగొంతులుండేవి. ఈ కొండల్లో పుట్టి పెరిగిన ట్రౌట్ చేపలు అవి. గొంతు కింద కత్తితో గీసినట్టు రెండు ఎర్ర చారలుంటాయి. అయితే ఆ చలి నీళ్ళలో అవి అరచేతికి మించి పెరగవు. పెనంలో సగానికి రానిదాన్ని మావాళ్ళు చేపల్లో జమ కట్టలేదు. అందుకని మొగుడూ పెళ్ళాం క్యాన్ల నిండా బాగా పెరిగే వేరే రకం, రెయిన్‌బో ట్రౌట్ పిల్లల్ని నింపి, మూతులకి తడి గోనెపట్టాలు కట్టి, కంచరగాడిద మీదికెత్తి బయల్దేరారు.

క్యాన్లలో చేపపిల్లల్ని మొయ్యడంలో ఒక కిటుకుంది. క్యాన్లో నీళ్ళు తొణుకుతూ ఉండాలి. తొణికితేనే వాటికి గాలి. కంచరగాడిద ఆగిందా, పిల్లలు తేలిపోతాయి. అందుకని పొద్దుట అడుగు మొదలుపెట్టినవాళ్ళు చెరువు దాకా ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం తిండి కూడా నడుస్తూనే. ఒక చేత్తో పగ్గం పట్టుకుని, ఇంకో చేత్తో రొట్టె తుంచి పెదనాన్న ఆవిడ నోట్లో పెట్టాడట. "పెళ్ళిరోజు అందరిముందూ కేకు ముక్క పెట్టాడు చూడు, నా ముక్కుకి పూశాడు," అనేది పెద్దమ్మ. "ఆ రొట్టె మాత్రం సరిగ్గా నోట్లోనే పెట్టాడు." ఈ ఒక్క కథా ఎన్నిసార్లు చెప్పిందో. ఆయన పోయాక ఇంకా ఎక్కువసార్లు చెప్పింది.

చెరువులో రెయిన్‌బోలు పెరిగి ఎర్రగొంతులతో కలిశాయి. ఆ రెండింటికీ పుట్టినవి ఇటూ కావు, అటూ కావు. మోచెయ్యంత పొడుగు, గాలం తగిలితే నీళ్ళ మీదికి నిలువునా లేచే పొగరు, నోట్లో వెన్నలా కరిగే కండ. మా లోయవాళ్ళు వాటికి పెట్టుకున్న పేరు హెట్టీలు. "నిన్న పొద్దున నాలుగు హెట్టీల్ని కొట్టి వేయించుకు తిన్నా," అని బార్లో ఎవరైనా అంటుంటే, పక్క ఊరినుంచి వచ్చినవాళ్ళు గ్లాసు దించి చూసేవాళ్ళు. కౌంటరు వెనక గోడకి, లోపల పొట్టు కూరి తగిలించిన హెట్టీ ఒకటి ఇప్పటికీ ఉంది. దాని కింద ఫొటోలో మా పెద్దమ్మ.

ఆ చేపల్ని చంపాలని రాసిన కాగితం కింద డార్లా సంతకం ఉంది.

తప్పు డార్లాది కాదు. ఏటా మంచు కరిగి వాగు పొంగినప్పుడల్లా ఈ సంకరాలు చెరువులోంచి కిందికి జారి, వాగులోకీ, వాగులోంచి ఏట్లోకీ పోతున్నాయి. పోయినచోటల్లా అక్కడి ఎర్రగొంతులతో కలుస్తున్నాయి. ఇలాగే వదిలేస్తే కొన్నాళ్ళకి అసలు ఎర్రగొంతన్నది ఉండదు. కాబట్టి చెరువులో మందు కలిపి మొత్తం చేపల్ని తీసేసి, మళ్ళీ అసలువాటిని పెంచాలి. ఏప్రిల్లో బడి హాల్లో ఊరందరినీ కూర్చోబెట్టి ఈ మాట చెప్పాల్సిన పని డార్లా మీద పడింది. పెద్దమ్మ ఆపిల్ పళ్ళ తీపిరొట్టె చేసి తెచ్చి బల్ల మీద పెట్టి, ముందు వరసలో కూర్చుంది.

ఎవరో అడిగారు, "అయితే హెట్టీలన్నీ చచ్చిపోతాయా?"

డార్లా తల్లి వైపు చూడలేదు. "అవును. అన్నీ," అంది.

పెద్దమ్మ లేచి కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆ మర్నాడు డార్లా వాకిట్లో ఆమె గిన్నె ఉంది. ఎప్పుడో క్రిస్మస్‌కి తల్లికి ఏదో వండి పంపిన గిన్నె. తోమి, తుడిచి, ఖాళీగా. మా లోయలో ఎవరూ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే రెండు గుడ్లయినా వేసి ఇస్తారు. డార్లా ఆ గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చాలాసేపు దాని అంచు వేలితో రుద్దుతూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి తల్లి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే ఈ ప్రయాణం. మందు కలిపేముందు ఒక్క వేసవి గాలాలతో పట్టి చూద్దామని డార్లా పైవాళ్ళని బతిమాలి ఒప్పించింది. దొరికిన ప్రతి చేపనీ చూడాలి. సంకరమైతే చంపాలి, ఎర్రగొంతైతే వదలాలి. సంకరాలు బాగా తగ్గితే మందు అవసరం రాకపోవచ్చు.

"గాలాలతో చెరువు శుభ్రపడిందని ఎక్కడైనా విన్నావా?" అని అడిగాను బయల్దేరేముందు, మూటలు కడుతూ.

"లేదు."

"మరెందుకే?"

"అమ్మ కోసంరా. ఒక్క ఏడాదైనా." తాడు ముడి బిగించి ఇటు తిరిగింది. "ఆవిడతో అనకు."

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ పిలవని పేరంటానికి వచ్చినట్టు తన గుర్రం మీద దిగింది. పెదనాన్న టోపీ పెట్టుకుని ఉంది. "వెండల్, నా చేపల్ని చంపడానికి పోతూ నన్ను ఇంట్లో కూర్చోమంటారా," అంది. వద్దు అనేంత ధైర్యం మాలో ఎవరికుంది?

*

చెరువు ఒడ్డున నీడపట్టున ఇంకా మంచు ఉంది. డేరాలు వేసి, తిండి మూటలు ఎలుగుబంటికి అందకుండా చెట్టుకి వేలాడగట్టి, డార్లా నన్ను నీళ్ళలోకి దింపింది. దొంగ ఈగని విసరడం నాకు వచ్చు. రంగు ఈకలు గాలానికి చుట్టి ఈగలా కడతాం కదా, అది. చేపని పట్టడం కూడా వచ్చు. ఇదివరకెప్పుడూ పట్టిన చేపకి కులగోత్రాలు అడగలేదు.

"ముందు చెయ్యి తడుపుకో. పొడిచేత్తో పట్టుకుంటే దాని వంటి జిగురు ఊడొస్తుంది. వదిలేసినా బతకదు," అంది డార్లా. నేను పట్టిన చేపని చేతివలలోనే నీళ్ళలో ఉంచి వంగి చూసింది. "ఇప్పుడు చెప్పు. ఏంటిది?"

"గొంతు ఎర్రగా ఉంది. ఎర్రగొంతే."

"సంకరాలకీ ఆ ఎరుపు వస్తుంది. ఒక్కటి చూసి తీర్పు చెప్పకు. మచ్చలు చూడు. ఎర్రగొంతుకి మచ్చలన్నీ తోకవైపు గుంపు కట్టి ఉంటాయి. తల నున్నగా ఉంటుంది. దీని తల చూడు."

తలమీద మిరియాలపొడి చల్లినట్టుంది.

"రెక్కల అంచులు?"

"తెల్లగా ఉన్నాయి."

"అది రెయిన్‌బో నుంచి వచ్చింది. చివరికి ఇది." నా చూపుడువేలు పట్టుకుని చేప నోట్లోకి దూర్చింది. "నాలుక మొదట్లో, గొంతులోకి దిగేచోట తడుము. గరుగ్గా తగిలితే చిన్న పళ్ళు. అవి ఎర్రగొంతుకే ఉంటాయి."

"నున్నగా ఉంది."

"కొన్ని సంకరాలకి అవి కూడా ఉంటాయి. అందుకే అన్నీ కలిపి చూడాలి. అన్నీ చూసినా తేలకపోతే వదిలెయ్యాలి, అదీ రూలు. దీంట్లో అనుమానమేం లేదు."

జింకకొమ్ము ముక్కతో తలమీద ఒక్కటి వేసింది. చేప ఒకసారి వణికి ఊరుకుంది.

పెద్దమ్మ కొంచెం ఎడంగా బండమీద మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. వీపైతే పెట్టింది కానీ మెడ మాత్రం ఇటే తిరుగుతోంది. "డీకన్," అంది పక్కన గడ్డి పీకుతున్న కంచరగాడిదతో. "పెళ్ళిసంబంధాలవాళ్ళు పిల్ల పళ్ళు చూస్తారని విన్నాను గానీ, చేప పళ్ళు చూసేవాళ్ళని ఇవాళే చూశాను."

డార్లా పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోడానికో మరెందుకో తెలీదు.

సాయంత్రానికి నేనూ డార్లా పట్టినవాటిలో చాలావరకు సంకరాలే. ఎర్రగొంతులు ఏ నాలుగో దొరికాయి. డార్లా వాటి రెక్క చివర చిన్న ముక్క పరీక్షకని కత్తిరించి సీసాలో వేసుకుని, నీళ్ళలో కాసేపు నిలబెట్టి పట్టుకుని, వాటంతటవే చేతిలోంచి జారిపోయేదాకా ఆగి వదిలింది. చచ్చినవాటిని మంచుమీద వరసగా పేర్చాం. అప్పుడు పెద్దమ్మ లేచి వచ్చింది. వరసని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. దేవదారు కొమ్మలు విరిచి తెచ్చి, ఎండ తగలకుండా వాటిమీద కప్పింది. ఒక్కొక్క కొమ్మా సర్దుతూ అక్కడే చాలాసేపు ఉంది.

డార్లా గాలపుకర్ర దించి తల్లినే చూస్తూ నిలబడింది. ఆ చూపుకి అర్థం ఏ కంచరగాడిదకైనా తెలుస్తుంది.

"వెళ్ళి పలకరించరాదూ," అన్నాను.

"ఏమని? నీ చేపలు బాగున్నాయనా?"

*

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుండగా పెద్దమ్మ నా గాలపుకర్ర తీసుకుని నీళ్ళవైపు నడిచింది. "వెండల్, చెప్పు తనకి. నావి నేను పట్టుకుంటా. వేరేవాళ్ళ చేతుల్లో ఎందుకు పోవాలి."

డార్లా చేతిలో కప్పు ఆగింది. తల ఊపింది.

పెద్దమ్మ దారం విసరడం చూసి నాకు సిగ్గేసింది. నేను భుజంతో విసురుతాను. ఆవిడ మణికట్టు ఒక్కటి కదిలిస్తే దారం వెనక్కి వెళ్ళి, క్షణం ఆగి, ముందుకొచ్చి, దొంగ ఈగ నిజం ఈగలాగే నీళ్ళమీద వాలింది. రెండుమూడుసార్లు గాలం ఖాళీగా వచ్చింది. తర్వాత, వాగు చెరువులో కలిసేచోట, నీళ్ళు ముదురు పచ్చగా ఉన్నచోట ఈగ కిందినుంచి నీళ్ళు ఉబ్బాయి.

అది నీళ్ళమీదికి లేచినప్పుడు నేను కాఫీ ఒలకబోసుకున్నాను. అంత పెద్ద హెట్టీని నేను బార్ గోడమీద కూడా చూడలేదు. నిలువునా లేచి, గాల్లో ఒళ్ళు విదిలించి, పళ్ళెం పడ్డట్టు చప్పుడు చేస్తూ పడింది. రీలు కీచుమంటూ దారం పోతోంది. పెద్దమ్మ మోకాళ్ళదాకా నీళ్ళలో ఉంది, వెనక్కి రాదు.

"దారం వదులు పెద్దమ్మా, తెగుతుంది."

"నువ్వు పుట్టకముందునుంచీ వదుల్తున్నా. నోరు మూసుకుని వల పట్టుకో."

అది లోతుకి పోయి బండలా కూర్చుంటే ఆవిడ అలాగే నిలబడింది. అది పరుగెత్తితే ఇచ్చింది. ఆగితే లాక్కుంది. మధ్యలో ఏదో గొణుగుతోంది, దానితోనో పెదనాన్నతోనో. చివరికి అది పక్కకి ఒరిగి వెండిలా మెరుస్తూ ఒడ్డుకొస్తే, నేను కింద వల పెట్టి ఎత్తాను. నా రెండు చేతులకీ బరువు తెలిసింది. పెద్దమ్మ వలపక్కన నీళ్ళలోనే మోకరించింది. చెయ్యి తడుపుకుని దాని వీపుమీద పెట్టింది. ఆవిడ ఊపిరి ఆడుతున్న చప్పుడు, దాని మొప్పలు ఆడుతున్న చప్పుడు, రెండూ వినపడుతున్నాయి.

"ఎంత బాగున్నావే," అంది దానితో. తర్వాత తల ఎత్తకుండానే, "వెండల్, ఆఫీసరమ్మ చూసి చెప్పాలట కదా. చూడమను," అంది.

డార్లా వచ్చి ఎదురుగా కూర్చుంది. నిన్న ఒక్క రోజు చూసినవాణ్ణి నాకే తెలిసిపోతోంది. తలనిండా మచ్చలు. పక్కన గులాబీరంగు పట్టీ. రెక్కల అంచులు సున్నం రాసినట్టు తెలుపు. గొంతుకింద ఎరుపు ఉందంటే ఉంది, లేదంటే లేదు. డార్లా చూసింది. తల్లి చేతిని చూసింది. చేప నోట్లోకి వేలు పెట్టింది. మామూలుగా అయితే అలా పెట్టి ఇలా తీస్తుంది. ఈసారి వేలు లోపలే ఉంది.

"పళ్ళున్నాయి," అంది చివరికి. "ఎర్రగొంతే. వదిలెయ్యమ్మా."

నేను చెరువు అవతలి ఒడ్డుకేసి చూశాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో డార్లా ఒక్క చేప గురించి అబద్ధం చెప్పి ఉండదు. పుట్టినరోజుకి ఇచ్చిన బహుమతి బాగుందా అని అడిగితే బాగాలేదని చెప్పే రకం.

పెద్దమ్మ తన వేలు చేప నోట్లో పెట్టింది. ముసలివేలు, మెల్లగా, నాలుక మొదటిదాకా వెళ్ళింది. అటూ ఇటూ తడిమింది. బయటికి తీసింది.

"డార్లా."

ఏప్రిల్ తర్వాత ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదలు.

"నా మొహం చూసి చెప్పు."

డార్లా చూడలేకపోయింది. "అనుమానం ఉంటే వదిలెయ్యాలి. అదే రూలు."

"ఎవరికే అనుమానం? నీకా?" పెద్దమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు నిజం చెప్పావని నీతో మాట్లాడ్డం మానేశాను నేను. అబద్ధం చెప్తే మాట్లాడతానని నీకెవరు చెప్పారు?"

డార్లా మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. "మాట్లాడతావేమోనని," అంది.

"పిచ్చిదానా." పెద్దమ్మ తడిచెయ్యి తుడుచుకోకుండానే కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "మీ నాన్న కూడా ఇంతే. అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఆ కొమ్ముముక్క ఇలా ఇయ్యి."

"నేను చేస్తాలే అమ్మా."

"నా చేప. నువ్వు తోక పట్టుకో, జారిపోతుంది."

డార్లా తోకదగ్గర పట్టుకుంది. పెద్దమ్మ కొట్టిన మొదటి దెబ్బ సరిగ్గా తగల్లేదు. రెండోది తగిలింది. ఇద్దరూ అలాగే నీళ్ళలో కాసేపు చేపని పట్టుకుని ఉన్నారు. నాకు అక్కడ పనేం లేదనిపించి వెళ్ళి పొయ్యి రాజేశాను.

*

చేప కడగడం పెద్దమ్మే చేస్తానంది. బండమీద పెట్టి కడుపు చీల్చి వేలితో లోపలిది తీసింది. తీసి, అలాగే ఆగిపోయింది. అరచేతి నిండా నారింజరంగు గుడ్లు. పొట్టలో ఇంకా ఉన్నాయి.

"ఇంకా పెట్టలేదు ఇది," అంది డార్లా. "మంచు ఆలస్యంగా కరిగిందిగా ఈ ఏడు."

పెద్దమ్మ గుడ్లని ఎండకి పట్టి చూసింది. ఒక్కొక్క గింజలో వెలుతురు చుక్కలా నిలబడుతోంది. చూసి చూసి, "నిన్నంతా మీరిద్దరూ ఎన్ని పట్టారు?" అని అడిగింది. నన్ను కాదు, డార్లానే.

"ఓ బుట్టెడు."

"ఈ ఒక్కదాని కడుపులోనే బుట్టలు బుట్టలున్నాయి." గుడ్లని మెల్లగా పళ్ళెంలోకి జార్చింది. "గాలాలతో అయ్యే పని కాదిది. మీకెవరికీ తెలీదా ఈ మాట?"

డార్లా నావైపు చూసింది. నేను పొయ్యిలో మంట ఊదడం మొదలుపెట్టాను.

"తెలుసు," అంది డార్లా.

"తెలిసి ఇంత దూరం మనుషుల్నీ జంతువుల్నీ ఎందుకు తోలుకొచ్చావ్?"

"ఒక్క వేసవి ఆగమని నేనే అడిగాను." డార్లా కత్తి తీసుకుని గీకనవసరంలేని చోట గీకుతోంది. "నీకు అలవాటు కావడానికి కొంచెం టైమ్ దొరుకుతుందని."

చెరువు మీద గాలి లేచి, నీళ్ళు గరుకుతేలి, మళ్ళీ నున్నగా అయ్యాయి.

"మేం తప్పు చేశామా, నేనూ మీ నాన్నా?"

"ఆ రోజుల్లో అందరూ చేశారమ్మా. మంచి జరుగుతుందనే చేశారు."

"నేనడిగింది అది కాదు."

డార్లా కత్తి కింద పెట్టింది. ఈసారి తల్లి మొహంలోకే చూసింది. "తప్పే. కానీ ఆ రోజు మీరు నడిచిన నడక తప్పు కాదు."

పెద్దమ్మ తల ఊపింది. బాగా ఆలోచించి బేరం ఒప్పుకున్న మనిషిలా ఊపింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని మోచేత్తో తుడిచేసుకుంది. చేతులకి చేప జిగురుంది మరి.

"వచ్చే ఏడు మందు వేసెయ్యండి," అంది. "ఊళ్ళో ఎవడైనా నోరెత్తితే నా దగ్గరికి పంపు. నా పేరు పెట్టుకున్న చేపలు, వాళ్ళకేంటి నొప్పి." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మరి ఆ తర్వాత? చెరువు ఖాళీగా ఉంటుందా?"

"ఉండదు. పైనుంచి చెరువులోకి దిగే వాగు మీద చిన్న దూకుడుంది కదా, రాతిమెట్టుమీంచి నీళ్ళు పడేచోటు. సంకరాలు దాన్ని ఎక్కలేవు. దానిపైన అసలు ఎర్రగొంతులు మిగిలాయి. వాటినుంచే తెచ్చి పెంచుతాం."

"నువ్వు చూశావా?"

"ప్రతి ఏడూ చూస్తాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎప్పుడైనా అడిగావా? నీకు ఎర్రగొంతులంటే చేపలే కాదుగా."

"ఆ మాట నిజమే," అంది పెద్దమ్మ, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "పద, చూపించు. వెండల్, ఈ చేప ముక్కలు నువ్వు వేయించు. మాడ్చావంటే చూడు."

వాళ్ళిద్దరూ వాగు పక్కనే ఎక్కిపోయారు. కూతురు ముందు, తల్లి వెనక. రాళ్ళున్నచోట డార్లా ఆగి చెయ్యిచ్చింది. పెద్దమ్మ ఆ చెయ్యి తోసేసి, రెండడుగులు వేసి, మళ్ళీ తనే పట్టుకుంది.

నేను పందికొవ్వు కరిగించి, మొక్కజొన్న పిండిలో ముక్కలు దొర్లించి వేశాను. గుడ్లు కూడా ఉప్పు చల్లి ఒకపక్కన. ఎర్రగా వేగాక కేకేశాను. జవాబు లేదు. ఇంకోసారి కేకేశాను. నీళ్ళ చప్పుడులో ఏదో గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలీడం లేదు. చివరికి పెనం మంట చివరికి జరిపి, మూత పెట్టి నేనే ఎక్కి వెళ్ళాను.

దూకుడుపైన వాగు చిన్న గుంటలా ఆగుతుంది. దాని ఒడ్డున పలకరాయిమీద మా పెద్దమ్మ బోర్లా పడుకుని ఉంది. టోపీ పక్కనుంది. తల నీళ్ళమీదికి వేలాడుతోంది. వెనక డార్లా కూర్చుని, తల్లి జారకుండా ఆవిడ నడుంపట్టీని రెండు చేతులతో పట్టుకుంది. నీళ్ళలో వేలెడు వేలెడు చేపలు, ప్రవాహానికి ఎదురుగా తలలు పెట్టి, కదలకుండా కదుల్తున్నాయి. ఇత్తడి రంగు. ఒకటి పక్కకి తిరిగితే గొంతుకింద ఎరుపు తళుక్కుమంది.

"అదిగో, అది," అంటోంది పెద్దమ్మ. "అది కాదే, దాని వెనకాలది. ఎలా నెట్టేస్తోందో చూడు పక్కదాన్ని. నువ్వూ అంతే, ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ."

"అమ్మా, కొంచెం వెనక్కి రా. నా చేతులు లాగేస్తున్నాయి."

"లాగనీ. ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉన్నాయిగా. ఆఁ, ఏం చెప్తున్నా? మన పక్కింటి మార్జ్ కోడలికి కవలలు. తెలుసా నీకు? నీకెలా తెలుస్తుంది, నేను చెప్పలేదుగా. అది ఏప్రిల్లో. నువ్వా మీటింగు పెట్టిన వారమే. ఇక చర్చి పైకప్పు సంగతి విను..."

డార్లా నన్ను చూసింది. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి, నోటినిండా నవ్వుంది. చేతులు ఖాళీ లేక ఏదీ తుడుచుకోలేకపోతోంది. తిండి వేళయిందని చెప్పబోయి ఊరుకున్నాను.

వెనక్కి వచ్చి పెనం మంటమీంచి దించి, నా ముక్క నేను తిన్నాను. వాళ్ళ ముక్కలు చల్లారితే చల్లారుతాయి. పైనుంచి పెద్దమ్మ గొంతు ఆగకుండా వస్తూనే ఉంది. మాటల్లేని ఈ నెలల్లో ఊళ్ళో జరిగినవన్నీ వరసగా చెప్పుకొస్తోంది. ఏప్రిల్ ఇంకా పూర్తికాలేదు.